సర్వర్ మారిన వేళ: థిన్ క్లయింట్ల అమరికలను సరిచేసుకొనే పద్ధతి

వేసవి సెలవులలో ఒక పాఠశాల కంప్యూటర్ గదిలోని సర్వర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించారని ఊహించవచ్చు. జూన్ మాసంలో బడి తెరచిన తొలిరోజున పిల్లలు ఇరవై బల్లల ముందు కూర్చుంటారు. కొన్ని తెరలు నల్లగా ఉండిపోతాయి. కొన్నింటిలో పేరు, సంకేతపదం అడిగే పుట వస్తుంది గాని లోనికి ప్రవేశం దొరకదు. ప్రవేశం దొరికిన చోట బొమ్మ తెర అంచులు దాటిపోతుంది. తెలుగు పాఠం తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ గడులు వరుసగా కనిపిస్తాయి. ఏప్రిల్ వరకు చక్కగా పనిచేసిన యంత్రాలే అవి. ఈ నడుమ వాటిని ఎవరూ తాకలేదు.

ఇటువంటి సందర్భంలో సాధారణంగా వెలువడే తీర్పు యంత్రాలు పాతబడిపోయాయన్నదే. ఆ తీర్పు ఫలితంగా మంచి యంత్రాలు సామాన్ల గదికి చేరుతాయి. ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి ఉన్న ఒక్క అవకాశమూ ఆ సంవత్సరానికి దూరమవుతుంది. అయితే చెడినది యంత్రమే అయి ఉండనక్కరలేదు. థిన్ క్లయింట్ విధానంలో ఒక్కొక్క అమరిక ఒక్కొక్క చోట భద్రపరచబడి ఉంటుంది. సర్వర్ మారినప్పుడు ఆ చోట్లలో కొన్ని మారుతాయి, కొన్ని మారవు. మారినవాటికీ మారనివాటికీ నడుమ తెగిన సంబంధమే ఇట్టి చిక్కులలో చాలావాటికి మూలం. అది ఎక్కడ తెగిందో కనుగొనడానికి ఒక క్రమం ఉన్నది. ఆ క్రమం తెలిసిన ఉపాధ్యాయుడు గాని, గ్రంథాలయాధికారి గాని చాలా లోపాలను స్వయంగా గుర్తించగలరు.

థిన్ క్లయింట్ అనగా ఏమిటి?

సాధారణ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టం, పనిముట్ల వంటి ప్రోగ్రాములు, వినియోగదారుని దస్త్రాలు అన్నీ ఆ పెట్టెలోని డిస్కు మీదనే ఉంటాయి. థిన్ క్లయింట్‌లో అట్టి డిస్కు ఉండదు; ఉన్నా చాలా చిన్నది. తెర, కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ తీగ, కొద్దిపాటి మెమరీ మాత్రమే దాని ఆస్తి. తక్కినదంతా సర్వర్ సమకూరుస్తుంది.

ఈ భావన కొత్తది కాదు. 1960వ దశకంలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను పలువురు టెర్మినళ్ల ద్వారా పంచుకొనేవారు. 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రూపొందిన ఎక్స్ విండో పద్ధతి, ఒక యంత్రంలో నడిచే ప్రోగ్రామును మరొక యంత్రపు తెర మీద చూపే వీలు కల్పించింది. 1999లో అదే దేశంలో జిమ్ మెక్‌క్విలన్ ప్రారంభించిన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు, పాత కంప్యూటర్లను సైతం డిస్కు లేకుండానే నెట్‌వర్క్ ద్వారా నడిపే మార్గాన్ని పాఠశాలలకు చూపింది. దీనినే సంక్షిప్తంగా ఎల్‌టీఎస్‌పీ అంటారు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయినందువల్ల లైసెన్సు రుసుము చెల్లించనక్కరలేదు.

వాడుకలో ఉన్న యంత్రాలను స్థూలంగా రెండు రకాలుగా విభజించవచ్చు. మొదటి రకంలో ప్రోగ్రాములు సర్వర్‌లోనే నడుస్తాయి. వాటి బొమ్మ మాత్రమే బల్ల మీది తెరకు వస్తుంది. రెండవ రకంలో ఆపరేటింగ్ సిస్టం నెట్‌వర్క్ ద్వారా వచ్చినా, ప్రోగ్రాములు బల్ల మీది యంత్రపు సొంత ప్రాసెసర్, మెమరీలతోనే నడుస్తాయి. బయటికి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. అయినా దోషపరిశీలనకు పూనుకొనేవారు ముందుగా తేల్చుకొనవలసినది తమ వద్ద ఉన్నది ఏ రకమనే విషయమే.

అమరికలు ఉండే నాలుగు చోట్లు

మొదటి చోటు యంత్రపు మదర్‌బోర్డు. ఏ మార్గాన ప్రారంభం కావాలో, గడియారంలో సమయమెంతో అక్కడ నిలిచి ఉంటాయి. సర్వర్ మారినంత మాత్రాన ఇవి మారవు.

రెండవది సర్వర్‌లోని నెట్‌వర్క్ సేవలు. ఏ యంత్రానికి ఏ చిరునామా ఇవ్వాలి, ఏ ప్రారంభ దస్త్రాన్ని పంపాలి అనే నిర్ణయాలు ఇక్కడ జరుగుతాయి.

మూడవది ఇమేజ్. యంత్రాలన్నీ చదువుకొనేందుకు వీలుగా మొత్తం ఆపరేటింగ్ సిస్టంను కుదించి, సర్వర్‌లో ఉంచిన నకలు ఇది. సర్వర్‌ను ఉన్నతీకరించినంత మాత్రాన ఈ నకలు దానంతటది మారదు. దానిని తిరిగి తయారుచేయాలి.

నాలుగవది వినియోగదారుని సొంత ఫోల్డరు. తెర పరిమాణం, కీబోర్డు భాష, ప్రింటరు ఎంపిక వంటివి విద్యార్థి పేరిట ఉన్న ఫోల్డరులో దాగిన చిన్న దస్త్రాలలో ఉంటాయి. ఉన్నతీకరణ సమయంలో వీటిని సాధారణంగా తొలగించరు. అందువల్ల పాత వ్యవస్థ వ్రాసి ఉంచిన అమరికను కొత్త వ్యవస్థ చదవవలసి వస్తుంది. అది సరిగా అర్థం కానప్పుడు వింత లోపాలు పుట్టుకొస్తాయి.

మెట్టుమెట్టుగా పరిశీలన

యంత్రం మీట నొక్కింది మొదలు పాఠం తెరిచే వరకు కొన్ని మెట్లు ఉన్నాయి. ఏ మెట్టు వద్ద ఆగిపోయిందో గమనిస్తే, లోపమున్న చోటు దాదాపుగా తెలిసిపోతుంది.

తెర మీద చిరునామా కొరకు వెదకుతున్నట్లు సూచించే వాక్యం వద్దనే యంత్రం ఆగిపోతే, దానికి చిరునామా అందలేదని గ్రహించాలి. చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సేవ సర్వర్‌లో నడుస్తున్నదా అని మొదట చూడాలి. ఇక్కడ ఒక ప్రసిద్ధమైన కారణం ఉన్నది. పూర్వం లినక్స్ వ్యవస్థలు నెట్‌వర్క్ కార్డులను వరుస సంఖ్యలతో పిలిచేవి. 2013 తరువాత కార్డు అమర్చిన స్థానాన్ని బట్టి పేర్లు పెట్టే పద్ధతి క్రమంగా వ్యాపించింది. ఉన్నతీకరణలో కార్డు పేరు మారితే, పాత పేరును నమ్ముకొన్న సేవ లేని కార్డు కొరకు ఎదురుచూస్తూ ఉండిపోతుంది. పేరు సరిదిద్దితే యంత్రాలన్నీ ఒక్కసారిగా మేల్కొంటాయి. దీనికి విరుద్ధమైన స్థితి కూడ ఉన్నది. అదే నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ రూటరు కూడ చిరునామాలు పంచుతుంటే, ఏది ముందు బదులిస్తే యంత్రం దాని వెంటనే పోతుంది. ఒకరోజు పనిచేసి మరొకరోజు పనిచేయని యంత్రాల విషయంలో ఈ అనుమానం తప్పక కలగాలి.

చిరునామా దొరికిన పిదప ప్రారంభ దస్త్రం రావాలి. అది రాకపోతే, దస్త్రాన్ని పంపే సేవ ఆగి ఉండవచ్చు. దస్త్రం ఉన్న చోటు మారి ఉండవచ్చు. ఉన్నతీకరణతో పాటు వచ్చిన ఫైర్‌వాల్ ఆ ద్వారాన్ని మూసి ఉండవచ్చు. టీఎఫ్‌టీపీ అనే ఈ సేవ 69వ సంఖ్య గల ద్వారాన్ని వాడుతుంది. పాత బయాస్ యంత్రాలకు, యూఈఎఫ్ఐ పద్ధతి గల కొత్త యంత్రాలకు ప్రారంభ దస్త్రాలు వేరు. పాతవి పనిచేసి కొత్తవి ఆగిపోయినా, కొత్తవి పనిచేసి పాతవి ఆగిపోయినా కారణం ఇక్కడ వెదకాలి.

ప్రారంభ దస్త్రం వచ్చి, కొంత సేపు అక్షరాలు పరుగెత్తి, అటుపైన యంత్రం నిలిచిపోతే చూపు ఇమేజ్ వైపు మరలాలి. పాత ఇమేజ్, కొత్త కెర్నల్ ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. 64 బిట్ల ఇమేజ్‌ను 32 బిట్ల ప్రాసెసర్ నడపలేదు. మెమరీ చాలకపోవచ్చు. ఒకే గదిలో కొన్ని యంత్రాలు నడిచి కొన్ని నిలిచిపోయినప్పుడు, నడిచినవాటి వివరాలనూ నిలిచినవాటి వివరాలనూ పక్కపక్కన వ్రాసి పోల్చడం ఉత్తమమైన పరీక్ష.

ప్రవేశ పుట వచ్చి సంకేతపదం చెల్లకపోతే, సర్వర్‌కూ యంత్రానికీ నడుమ ఉన్న గుర్తింపు తాళాలను పరిశీలించాలి. సర్వర్‌ను కొత్తగా స్థాపించినప్పుడు దాని రహస్య తాళాలు మారుతాయి. పాత ఇమేజ్‌లో పాత తాళపు గుర్తే ఉంటుంది. ఎల్‌టీఎస్‌పీ పాత తరంలో, సర్వర్‌తో సంబంధం పెట్టుకొనే అధికారం ఈ యంత్రానికి లేదనే వాక్యం తెర మీద కనిపించేది. అనేకులు దానిని సంకేతపదపు దోషంగా భావించేవారు. తాళాలను నవీకరించి ఇమేజ్‌ను తిరిగి తయారుచేయడమే దానికి మందు.

ప్రవేశం లభించాక బొమ్మ, శబ్దం, ప్రింటరు, కీబోర్డు సరిగా లేకపోతే ఒక సులభమైన పరీక్ష ఉన్నది. సర్వర్‌లో కొత్త వినియోగదారుని పేరు ఒకటి సృష్టించి, అదే యంత్రంలో ఆ పేరుతో ప్రవేశించాలి. కొత్త పేరుకు అంతా సవ్యంగా ఉంటే లోపం పాత వినియోగదారుని ఫోల్డరులో ఉన్నట్లు. కొత్త పేరుకు కూడ అదే లోపం కనిపిస్తే అది ఇమేజ్‌లో గాని సర్వర్‌లో గాని ఉన్నట్లు. తరువాత అదే పేరుతో పక్క బల్ల వద్ద ప్రవేశించి చూడాలి. అక్కడ లోపం లేకపోతే, అది ఆ ఒక్క యంత్రానికి పరిమితమైనదని తేలుతుంది. ఐదు నిమిషాల ఈ పరీక్ష ఐదు రోజుల వృథా శ్రమను తప్పించగలదు.

2019 నాటి మార్పు నేర్పిన పాఠం

ఉన్నతీకరణ వల్ల అమరికల చోట్లు ఎంతగా మారగలవో చెప్పడానికి ఎల్‌టీఎస్‌పీ చరిత్రే చక్కని నిదర్శనం. 2019లో ఈ సాఫ్ట్‌వేర్‌ను గ్రీసు దేశానికి చెందిన అల్కిస్ జార్జోపులోస్ ఆధ్వర్యంలో పూర్తిగా తిరిగి వ్రాశారు. 2018 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 18.04లో పాత తరం ఉండగా, 2020 ఏప్రిల్‌లో వెలువడిన 20.04లో కొత్త తరం చేరింది. ఒకదాని నుండి మరొకదానికి మారిన పాఠశాలలలో అమరికల దస్త్రం పేరు మారింది, ఉండే చోటు మారింది, అందులోని పదాలు మారాయి. పాత దస్త్రం డిస్కు మీద అలాగే ఉంటుంది. దానిని చదివేవారు మాత్రం ఉండరు. అందులో ఎన్ని దిద్దుబాట్లు చేసినా ఫలితం కనిపించదు.

మరొక మార్పు ఇంకా లోతైనది. పాత తరంలో ప్రోగ్రాములను సర్వర్‌లో నడిపి బొమ్మను మాత్రమే పంపడం సాధ్యమయ్యేది. కొత్త తరం ప్రోగ్రాములను బల్ల మీది యంత్రంలోనే నడిపిస్తుంది. అందువల్ల 512 మెగాబైట్ల మెమరీతో ఏళ్ల తరబడి సేవచేసిన యంత్రం, ఉన్నతీకరణ జరిగిన మర్నాడే అసమర్థంగా కనిపిస్తుంది. యంత్రం ఏమీ చెడిపోలేదు. దాని మీద మోపిన బరువు మారింది. ఎక్స్‌2గో, ఎక్స్ఆర్‌డీపీ వంటి వేరొక సాఫ్ట్‌వేర్ ద్వారా సర్వర్‌లోనే ప్రోగ్రాములు నడిపే ఏర్పాటు చేసినా, తేలికపాటి డెస్క్‌టాప్‌ను ఎంచుకొన్నా అటువంటి యంత్రాలలో కొన్నింటిని ఇంకా వాడుకొనవచ్చు.

కొత్త తరంలో మరచిపోకూడని నియమం ఒకటి ఉన్నది. అమరికల దస్త్రంలోని విషయాలు, వినియోగదారుల పేర్ల పట్టికతో సహా, యంత్రాలు ప్రారంభంలో దిగుమతి చేసుకొనే చిన్న దస్త్రంలో చేరి ఉంటాయి. కాబట్టి అమరికను మార్చినా, కొత్త విద్యార్థి పేరు చేర్చినా ఆ చిన్న దస్త్రాన్ని తిరిగి తయారుచేసే ఆదేశం ఇవ్వాలి. ప్రోగ్రాము చేర్చితే ఇమేజ్‌ను కూడ తిరిగి తయారుచేయాలి. ఆ తరువాతనే యంత్రాన్ని ఆపి, మళ్లీ ప్రారంభించాలి. మార్పు చేసినా ఏమీ మారలేదనే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

విండోస్ సర్వర్లతో వచ్చే చిక్కులు

కార్యాలయాలలోను, కొన్ని కళాశాలలలోను విండోస్ సర్వర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిలో సంబంధం కలిగే థిన్ క్లయింట్లు ఉన్నాయి. వీటిలో కొన్ని సొంతంగా చిన్న విండోస్ వ్యవస్థను కలిగి ఉంటాయి. అందులో రైట్ ఫిల్టర్ అనే రక్షణ ఉంటుంది. అది పనిచేస్తున్నంత సేపు, చేసిన ప్రతి మార్పూ తాత్కాలికమే. యంత్రం ఆపగానే తుడిచిపెట్టుకొని పోతుంది. వైరస్‌ల నుండి, పొరపాట్ల నుండి కాపాడడానికి ఇది మంచిదే. కాని ఉదయం దిద్దిన అమరిక మరునాటికి మాయమైనప్పుడు కారణం తెలియక కలవరపడతారు. రక్షణను తొలగించి, అమరిక మార్చి, మళ్లీ రక్షణను నెలకొల్పడం సరియైన క్రమం.

సర్వర్, క్లయింట్లలో ఒకదానినే నవీకరించడం కూడ చిక్కు తెస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ గుర్తింపు విధానంలో బయటపడిన లోపాన్ని సరిదిద్దుతూ మైక్రోసాఫ్ట్ సంస్థ 2018 మార్చిలో ఒక సవరణను విడుదల చేసి, మే మాసంలో దానిని మరింత కఠినం చేసింది. ఆ సవరణ పొందిన కంప్యూటర్లు, దానిని పొందని సర్వర్లతో సంబంధానికి నిరాకరించాయి. రెండు వైపులా సవరణ చేయడమే శాశ్వత పరిష్కారం. రక్షణను సడలించి పని నడుపుకొనడం ప్రమాదకరం.

అతి చిన్నదైనా తరచు కంటపడని కారణం మరొకటి గడియారం. మదర్‌బోర్డు మీది నాణెం వంటి బ్యాటరీ కాలం తీరితే, యంత్రం ఏళ్ల వెనుకటి తేదీతో మేల్కొంటుంది. కొత్త సర్వర్లు తమ గుర్తింపు పత్రాలను కచ్చితంగా పరిశీలింపజేస్తాయి. తేదీ తప్పైన యంత్రానికి ఆ పత్రం ఇంకా పుట్టనట్లు కనిపించి, సంబంధం నిరాకరించబడుతుంది. ఒక బ్యాటరీ మార్చితే తీరే లోపానికి మొత్తం యంత్రాన్ని మార్చిన పక్షంలో అది అజ్ఞానపు ఖర్చే.

భాష, లిపి నిలుపుకొనడం

బహుభాషా దేశంలో ఉన్నతీకరణకు మరొక పార్శ్వం ఉన్నది. ఆంగ్ల అక్షరాలు ఏ వ్యవస్థలోనైనా కనిపిస్తాయి. భారతీయ లిపులకు ఖతులు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్, కీబోర్డు అమరిక అనే మూడూ సమకూరాలి. ఖాళీ గడులు కనిపిస్తే ఖతి లేదని అర్థం. గుణింతపు గుర్తులు హల్లును విడిచి చుక్కల వలయంతో వేరుగా నిలిస్తే కూర్పు సరిగా జరగలేదని అర్థం. అక్షరాలు అర్థంలేని ఆంగ్ల గుర్తులుగా మారితే, ఆ దస్త్రం యూనికోడ్‌కు పూర్వపు డీటీపీ ఖతితో తయారైనదని, ఆ ఖతి కొత్త వ్యవస్థలో లేదని అర్థం.

లోహిత్, పోతన2000, వేమన2000 వంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా లభిస్తాయి. వాటిని ఎక్కడ ఉంచాలన్నది మళ్లీ యంత్రపు రకాన్ని బట్టి ఉంటుంది. ప్రోగ్రాములు సర్వర్‌లో నడిచేటట్లయితే ఖతి సర్వర్‌లో ఉండాలి. బల్ల మీది యంత్రంలో నడిచేటట్లయితే ఇమేజ్‌లో ఉండాలి. తప్పు చోట ఉంచిన ఖతి లేనిదానితో సమానం. రిమోట్ డెస్క్‌టాప్ విధానంలో సాధారణంగా మీట సంఖ్య మాత్రమే సర్వర్‌కు చేరుతుంది. దానిని అక్షరంగా మార్చడం సర్వర్ పని. కాబట్టి తెలుగు కీబోర్డు అమరికను సర్వర్ వైపు నెలకొల్పాలి.

కీబోర్డు విషయంలో దేశానికి ఒక గొప్ప సౌలభ్యం ఉన్నది. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో, బ్రాహ్మీ సంతతికి చెందిన లిపులన్నింటికీ అక్షరస్థానాలు ఒకటే. ఆంగ్ల కే అక్షరపు మీట నొక్కితే తెలుగులో క, హిందీలో, బెంగాలీలో, మలయాళంలో కూడ ఆయా లిపులలోని కకారమే పడుతుంది. హైదరాబాదులో తెలుగు టైపు నేర్చిన విద్యార్థి భోపాల్‌లో హిందీ వ్రాయడానికి వేళ్లకు కొత్త పాఠం నేర్పనక్కరలేదు. ఉన్నతీకరణ సమయంలో ఈ అమరిక జారిపోయి మరొకటి వచ్చి కూర్చుంటే, పరీక్షకు సాధన చేసిన విద్యార్థి వేళ్లు తడబడతాయి. కొత్త ఇమేజ్‌లో మొదట సరిచూడవలసిన అంశాలలో ఇది ఒకటి.

సొంత భాషలో కంప్యూటర్ నడవాలనే ఆకాంక్ష ఉపఖండమంతటా వ్యక్తమైంది. నేపాల్‌లో 2005లో నేపాలినక్స్, భూటాన్‌లో 2006లో జోంఖా లినక్స్, భారతదేశంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ 2007లో వెలువడ్డాయి. అయినా లిపి సంక్లిష్టత అప్రమత్తతను కోరుతూనే ఉన్నది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే తెలుగు సంయుక్తాక్షరపు ఒకానొక రూపం ఆపిల్ ఫోన్లలో ప్రోగ్రాములను కూలదోసింది. తరువాతి నవీకరణలో దానిని సరిదిద్దారు. ఉన్నతీకరణ లోపాన్ని తేగలదు, తీర్చనూగలదు అనడానికి ఇది సాక్ష్యం.

ముందుజాగ్రత్తలు

చికిత్స కన్న నివారణ మేలు. ఉన్నతీకరణకు ముందు పాత అమరికల దస్త్రాలన్నింటికి రెండు ప్రతులు తీసి, ఒకటి సర్వర్‌కు వెలుపల భద్రపరచాలి. ప్రతి యంత్రపు నెట్‌వర్క్ సంఖ్య, ప్రాసెసర్, మెమరీ, తెర పరిమాణం ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచాలి. కొత్త సంచికతో వచ్చే మార్పుల ప్రకటనను చదవాలి. పాత ఇమేజ్‌ను చెరిపివేయక వేరు పేరుతో ఉంచాలి. కొత్త వ్యవస్థను మొదట ఒకటి రెండు యంత్రాలలో, అందులో ఒకటి గదిలోకెల్ల పాతదై ఉండేటట్లు, పరీక్షించాలి. పరీక్షల నెలలో ఈ పనికి పూనుకొనరాదు. లోపం వెదకేటప్పుడు ఒకసారికి ఒకే మార్పు చేయాలి; చేసిన మార్పును, కనిపించిన ఫలితాన్ని తేదీతో వ్రాయాలి. రెండు మార్పులు కలిపి చేసినవారికి లోపం తీరినా దేనివల్ల తీరిందో తెలియదు. మరుసటి ఏడు వారు మళ్లీ మొదటి నుండి ప్రారంభించవలసి వస్తుంది.

ఉన్నతీకరణను శాశ్వతంగా వాయిదా వేయడం కూడ మార్గం కాదు. భద్రతా సవరణలు ఆగిపోయిన వ్యవస్థ నెట్‌వర్క్‌లోని అందరికీ ముప్పు. విండోస్ 10 సాధారణ సంచికలకు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. కొత్త విండోస్ కోరే అర్హతలు లేని కంప్యూటర్లు విద్యాసంస్థలలో ఉన్నాయి. అట్టివాటిని స్వేచ్ఛా వ్యవస్థతో థిన్ క్లయింట్లుగా మార్చుకొనే వీలున్నది. 2023 ఏప్రిల్ 1 నుండి దేశంలో అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, పనికిరాని పరికరాలను శాస్త్రీయంగా తొలగించాలని నిర్దేశిస్తున్నాయి. అయితే ఏ పరికరమైనా నిజంగా పనికిరానిదా అన్నది ముందు నిర్ధారణ కావాలి.

జూన్ మాసపు తొలిరోజున తెర నల్లగా ఉన్నప్పుడు వెంటనే కొత్త యంత్రానికి అర్జీ పెట్టుకొనడం సులభం. చిరునామా అందిందా, దస్త్రం వచ్చిందా, ఇమేజ్ కొత్తదేనా, తాళం సరిపోయిందా, కొత్త పేరుకు కూడ ఇదే లోపమా అని వరుసగా అడగడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించిన బడిలో ఇరవై బల్లలూ తిరిగి నిండుతాయి. ఆ ప్రశ్నలూ, వాటికి దొరికిన జవాబులూ రిజిస్టరులో చేరితే, ఆ ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లినా తరువాత వచ్చేవారికి దారి తెలుస్తుంది.